కార్బురేటర్ గంటలో ఏ ఆయిల్ పోయాలి? సీసా మీద 20 చూసి కొనేయకండి

ఈ రోజు టాపిక్ చాలా చిన్నది. ఎంత చిన్నదంటే, కొలిస్తే ఒకట్రెండు టీస్పూన్లు. కొన్ని పాత కార్ల కార్బురేటర్ పైన గంట ఆకారంలో ఒక అల్యూమినియం డబ్బా ఉంటుంది. దాని నెత్తిన ఉన్న మూత తిప్పి తీసి లోపల కాస్త ఆయిల్ పోస్తారు. దాన్ని డ్యాంపర్ ఆయిల్ అంటారు. అది ఎందుకు, ఏది పోయాలి, ఇదే ఎపిసోడ్.

"ఇంత దానికి ఒక ఎపిసోడా?" అంటారేమో. రాజమండ్రి వైపు నుంచి ఒక తమ్ముడు పోయిన నెల నాకు వీడియో పంపాడు. వాళ్ళ తాతగారి అంబాసిడర్, పెట్రోల్ బండి. ఐడిల్‌లో శుభ్రంగా తిరుగుతోంది. నెమ్మదిగా తొక్కితే నెమ్మదిగా స్పీడ్ అందుకుంటోంది. గబుక్కున తొక్కితే మాత్రం ఒక్క క్షణం చచ్చిపోయి, ఒక దగ్గు దగ్గి, అప్పుడు లేస్తోంది. ఇంటి ముందు అయితే నవ్వుకోవచ్చు. వాళ్ళ ఊరి రోడ్డు హైవేలో కలిసే చోట, అవతల లారీ వస్తుంటే, గ్యాప్ చూసుకుని తొక్కిన ఆ క్షణంలోనే బండి చచ్చిపోతే? అది నవ్వుకునే విషయం కాదు. ఇంట్లోవాళ్ళు భయపడిపోయి అమ్మేద్దాం అంటున్నారు. మెకానిక్ బాబాయ్ ఏమో "ఈ కార్బేటర్ పనైపోయింది, తీసేసి వేరే బండిది పెడదాం" అన్నాడట. "అన్నా, ఏం చెయ్యమంటావ్?" అని ఆ అబ్బాయి ప్రశ్న.

నేను అడిగింది ఒకటే. పైన మూత తీసి చూశావా, లోపల ఆయిల్ ఉందా అని. "దాంట్లో ఆయిల్ ఎందుకుంటుంది అన్నా?" అన్నాడు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు మీ బండిలో ఉన్నది ఈ రకం కార్బురేటరా కాదా చూసుకోండి. ఎస్‌యూ అని ఇంగ్లండ్ కంపెనీ. స్కిన్నర్స్ యూనియన్ అనే పేరుకి పొట్టి రూపం. జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్, ఆయన తమ్ముడు కలిసి మొదలుపెట్టారు. వాళ్ళ కుటుంబానిది బూట్ల వ్యాపారం. తమాషా ఏంటంటే, ఈ కార్బురేటర్ మొదటి రూపంలో ఇప్పుడున్న లోహపు పిస్టన్ లేదు, కమ్మరి కొలిమి తిత్తి లాంటి తోలు తిత్తి ఉండేది. ఇంట్లో తోలు ఉంది, వాడేశారు అనుకోవచ్చు. 1910లో కంపెనీ పెట్టారు, 1926లో మోరిస్ కార్ల అధినేత విలియం మోరిస్ దాన్ని కొనేశాడు. అక్కడి నుంచి మోరిస్ మైనర్, మినీ, ఎంజీబీ, ఇలా బ్రిటిష్ కార్లలో సగం వీధికి ఇదే కార్బురేటర్. జాగ్వార్ ఈ-టైప్‌లో అయితే ఒకటి కాదు, మూడు వరసగా ఉంటాయి. స్ట్రామ్‌బర్గ్ అని ఇంకొకటి ఉంది. ట్రయంఫ్, వోల్వో లాంటి వాటిలో వచ్చింది. దాంట్లో రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది గానీ పైన ఆయిల్ డ్యాంపర్ మాత్రం ఇలాంటిదే. డాట్సన్ 240జెడ్‌లో ఉన్న జపాన్ హిటాచీ కార్బురేటర్లు కూడా ఈ ఎస్‌యూ పద్ధతివే.

మన దగ్గరికి ఎలా వచ్చిందంటే, అంబాసిడర్ అంటేనే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కదా. దాని 1489 సీసీ ఇంజన్ బ్రిటిష్ బీఎంసీ వాళ్ళది. మన పాత పెట్రోల్ అంబాసిడర్లలో ఎస్‌యూ ఉన్నవి ఉన్నాయి, సోలెక్స్ ఉన్నవీ ఉన్నాయి. పేపర్లు చూడక్కర్లేదు, బానెట్ ఎత్తండి. కార్బురేటర్ పక్కకి పడుకుని, దాని మీద గంట నిలబడి ఉంటే ఎస్‌యూ. గంట లేదంటే ఈ ఆయిల్ గొడవే మీకు లేదు. సోలెక్స్‌లో ఆ పని చెయ్యడానికి యాక్సిలరేటర్ పంప్ అని వేరే ఏర్పాటు ఉంటుంది.

ఇంకో మాట. మీలో చాలామందికి కారు కాదు, బైక్ ఉంటుంది. పాత పల్సర్, ఇంజెక్షన్ రాకముందు క్లాసిక్ 350, ఇలాంటి వాటిలో చాలావరకు సీవీ కార్బురేటర్లు ఉంటాయి. సిద్ధాంతం సేమ్, ఎస్‌యూకి మనవళ్ళు అనుకోండి. కానీ వాటిలో పిస్టన్ తేలిక. గాలి వెళ్ళే సన్నటి రంధ్రం సైజుతోనే దాని వేగాన్ని అదుపు చేస్తారు. ఆయిల్ ఉండదు. ఈ వీడియో చూసి బైక్ కార్బురేటర్‌లో ఆయిల్ పోయకండి, దయచేసి.

సరే, అసలు విషయం. గంట లోపల ఒక పిస్టన్ పైకీ కిందకీ జారుతూ ఉంటుంది. దాని అడుగున ఒక సన్నటి సూది, కిందకి వచ్చేకొద్దీ ఇంకా సన్నబడుతూ ఉంటుంది. ఆ సూది పెట్రోల్ వచ్చే జెట్‌లో దిగి ఉంటుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ ఎక్కువ గాలి లాగుతుంది, ఆ లాగుడుకి పిస్టన్ పైకి లేస్తుంది. గాలి దారి పెద్దదవుతుంది, సూది కూడా పైకి వస్తుంది కాబట్టి పెట్రోల్ దారీ పెద్దదవుతుంది. గాలి ఎంతో పెట్రోల్ అంత. ఎలక్ట్రానిక్స్ లేకుండా, సెన్సర్ లేకుండా. కోడ్ రాసే ఉద్యోగం చేసినవాడిగా చెప్తున్నా, ఇంత సింపుల్ ఫీడ్‌బ్యాక్ లూప్ నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

చిక్కు ఎక్కడంటే, గబుక్కున తొక్కినప్పుడు. గాలి తేలిక, వెంటనే పరిగెడుతుంది. పెట్రోల్ బరువు, కదలడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది. పిస్టన్‌ని దాని మానాన వదిలేస్తే ఎగిరి పైకి వెళ్ళిపోతుంది. దారి ఒక్కసారిగా బార్లా తెరుచుకునేసరికి జెట్ మీద గాలి లాగే బలం పడిపోతుంది. సరిగ్గా ఇంజన్‌కి ఎక్కువ పెట్రోల్ కావాల్సిన క్షణంలో తక్కువ దొరుకుతుంది. అదే ఆ చచ్చిపోయిన క్షణం. అదే ఆ దగ్గు.

ఇక్కడ వస్తుంది మన ఆయిల్. పిస్టన్ మధ్యలో బోలు గొట్టం ఉంది, దాంట్లో ఆయిల్. పైన మూతకి వేలాడే సన్నటి కడ్డీ, దాని చివర చిన్న ఇత్తడి ముక్క. అది ఆ ఆయిల్‌లో మునిగి ఉంటుంది. పిస్టన్ పైకి లేవాలంటే ఆయిల్ ఆ ఇత్తడి ముక్క పక్కనున్న సన్నటి సందులోంచి దూరాలి. దూరడానికి టైమ్ పడుతుంది. అంతసేపు పిస్టన్ ఆగి ఆగి లేస్తుంది. ఆ ఆగినంతసేపూ ఇరుకు దారిలో గాలి జోరుగా వెళ్తుంది, జెట్ నుంచి పెట్రోల్‌ని గట్టిగా లాగుతుంది. కావాల్సిన టైమ్‌లో కాస్త ఎక్కువ పెట్రోల్. కిందకి దిగేటప్పుడు మాత్రం అడ్డం ఉండదు, ఇత్తడి ముక్కలో ఉన్న వన్‌వే ఏర్పాటు తెరుచుకుని పిస్టన్‌ని వదిలేస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఇది రేట్ లిమిటర్, అది కూడా ఒక వైపే.

అంటే ఈ ఆయిల్ లూబ్రికేషన్ కోసం కాదు. చాలామంది మెకానిక్‌లు కూడా "అరగకుండా వేస్తారు లే" అనుకుంటారు. ఇది టైమింగ్ సెట్టింగ్. ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే పిస్టన్ అంత ఆలస్యంగా లేస్తుంది. చిక్కదనమే ఇక్కడ కాన్ఫిగ్ వాల్యూ.

దీంట్లోంచే ఇంకో సంగతి తెలుస్తుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పిస్టన్ పైకి కదులుతున్నప్పుడే ఆయిల్‌కి పని. మీరు ఒకే స్పీడ్‌లో, 60లో వెళ్తున్నారు, పిస్టన్ ఒక చోట నిలబడి ఉంది. అప్పుడు లోపల తేనె ఉన్నా ఒకటే, నీళ్ళు ఉన్నా ఒకటే. కాబట్టి ఐడిల్ సరిగ్గా లేదు, మైలేజ్ రావట్లేదు, 60లో ఏకధాటిగా వెళ్తుంటే మిస్సింగ్ కొడుతోంది, ఇలాంటి వాటికి ఆయిల్ మార్చి లాభం లేదు. తొక్కిన క్షణంలో మాత్రమే కంప్లైంట్ ఉంటే అప్పుడు ఆయిల్ వైపు చూడండి.

టెస్ట్ చేద్దాం. స్పానర్ కూడా అక్కర్లేదు, మూత వేలితోనే వస్తుంది. ఇంజన్ ఆపి, చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ తీయండి. కార్బురేటర్ నోట్లో పిస్టన్ కనిపిస్తుంది. వేలితో పైకి ఎత్తండి. బరువుగా, ఆయిల్‌లో గరిటె తిప్పినట్టు, అడ్డుకుంటూ లేవాలి. వదిలేయండి. గబుక్కున కింద పడి టక్ మని చప్పుడు రావాలి. ఎత్తేటప్పుడు అడ్డం, దిగేటప్పుడు ఫ్రీ. ఇది మంచి లక్షణం.

ఎత్తేటప్పుడు అసలు అడ్డమే లేదు, ఈకలా లేచిపోతోందంటే ఆయిల్ లేదు, లేదా మరీ పల్చగా ఉంది, లేదా డ్యాంపర్ కడ్డీ పాడైంది. రెండు వైపులా పట్టేస్తోంది, దిగేటప్పుడు కూడా ఆగి ఆగి దిగుతోంది, మధ్యలో ఇరుక్కుంటోంది అంటే అది ఆయిల్ సంగతి కాదు. లోపల మురికి, లేదా సూది వంగింది, లేదా జెట్ మధ్యకి లేదు. అనుమానం ఉంటే డ్యాంపర్ తీసేసి మళ్ళీ ఎత్తి వదలండి. అప్పుడు కూడా టక్ మనకపోతే ఏ ఆయిల్ పోసినా దండగ. ముందు గంట విప్పి శుభ్రం చేయించండి. శుభ్రం చేశాక పిస్టన్ బయటి అంచుకి, గంట లోపలి గోడకి ఆయిల్ పూయకండి. అవి ఒకదానికొకటి తగలకుండా, వెంట్రుక వాసి ఖాళీతో తిరిగేలా జతగా చేసినవి. పొడిగా ఉండాలి. ఆయిల్ పూస్తే దుమ్ము అంటుకుని అదే ఇరుక్కుంటుంది. మధ్య కడ్డీకి ఒక చుక్క చాలు. రెండు కార్బురేటర్లు ఉన్న బండైతే ఒకదాని గంట ఇంకొకదానికి మార్చకూడదు, ఇందాక చెప్పాగా, జతగా చేసినవి.

రాజమండ్రి తమ్ముడు ఈ టెస్ట్ చేసి వీడియో పంపాడు. పిస్టన్ ఈకలా లేచింది, టక్ మని పడింది. మూత తీస్తే కడ్డీ చివర పొడి. ఎన్నేళ్ళ నుంచి పొడిగా ఉందో ఎవరికీ తెలీదు. కార్బురేటర్‌కి రోగం లేదు, దాహం వేసింది అంతే.

ఇప్పుడు పోయాల్సింది ఏది? ఎస్‌యూ కార్బురేటర్లని ఇప్పటికీ ఇంగ్లండ్‌లో సాల్స్‌బరీలో బర్లెన్ అనే కంపెనీ తయారు చేస్తోంది. వాళ్ళు డ్యాంపర్ ఆయిల్ అని చిన్న సీసా అమ్ముతారు. అది 20 గ్రేడ్. పాత వర్క్‌షాప్ మాన్యువల్స్‌లో కూడా ఎస్‌ఏఈ 20 అయితే మంచిది అనే ఉంటుంది. ఇంతవరకు క్లియర్. గందరగోళం షాపుకి వెళ్ళాక మొదలవుతుంది, ఎందుకంటే 20 అనే అంకె ఉన్న సీసాలు అక్కడ చాలా ఉంటాయి.

మొదటి సీసా, 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్. "20 ఉంది కదన్నా" అంటారు. లేదు. డబ్ల్యూ అంటే వింటర్. గడ్డకట్టే చలిలో ఇంజన్ తిప్పగలిగేంత పల్చగా ఉందా అనే పరీక్షలో వచ్చిన మార్కు ఆ 20డబ్ల్యూ. వేడెక్కాక దాని చిక్కదనం 50 గ్రేడ్. ఎస్‌ఏఈ 20 అనేది వేరే పరీక్ష, 100 డిగ్రీల దగ్గర కొలిచేది. పేర్లు ఒకటే, మనుషులు వేరు.

అంకెల్లో చూద్దాం. ఆయిల్ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. పెద్ద అంకె అంటే చిక్కన. 40 డిగ్రీల దగ్గర మామూలు 20డబ్ల్యూ-50 సుమారు 160 ఉంటుంది. ఎస్‌ఏఈ 20 ఆయిల్ 60, 70 మధ్య. గేర్‌బాక్స్‌లో వాడే ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, సుమారు 35. చూశారా, మొదటిదానికీ చివరిదానికీ నాలుగున్నర రెట్లు తేడా. ఇవి మామూలుగా ఉండే విలువలు. మీరు కొనే ఆయిల్ డేటాషీట్‌ని కంపెనీ సైట్‌లో చూసుకోండి, 40 డిగ్రీల అంకె, 100 డిగ్రీల అంకె రెండూ రాసి ఉంటాయి.

ఆ రెండు అంకెలు ఉంటే మధ్యలో ఏ వేడి దగ్గర ఎంతుంటుందో లెక్కకట్టే ఫార్ములా ఉంది. నేను చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి వేసి చూశాను. ఇంగ్లండ్‌లో చలి ఉదయం, 10 డిగ్రీలు అనుకుందాం. 20డబ్ల్యూ-50 సుమారు వెయ్యి దాటింది. ఎస్‌ఏఈ 20 దాంట్లో సగం కన్నా తక్కువ, 440 దగ్గర. అదే మన మే నెల, ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్ళి బానెట్ కింద గంట 60 డిగ్రీలకి వేడెక్కింది అనుకుందాం. 20డబ్ల్యూ-50 దిగి దిగి 65 అయింది. ఎస్‌ఏఈ 20 అయితే 30, ఏటీఎఫ్ 20 లోపు.

ఇప్పుడు 60 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50 అంకె చూడండి, 65. దాదాపు 40 డిగ్రీల దగ్గర ఎస్‌ఏఈ 20కి ఉన్న అంకె. అంటే ఇంగ్లండ్‌లో చల్లటి వాతావరణంలో ఎస్‌ఏఈ 20 చేసే పనికి దగ్గరగా, మన ఎండలో వేడెక్కిన గంటలో 20డబ్ల్యూ-50 చేస్తుంది. ఎంజీబీ లాంటి కొన్ని కార్ల పుస్తకాల్లో నేరుగా "ఇంజన్ ఆయిల్ పోయండి" అనే ఉంటుంది. ఓనర్ రెండు సీసాలు మోయకుండా ఒకే సీసాతో అయిపోవాలని అలా రాసి ఉంటారని నా ఉద్దేశం. కాబట్టి ఎవరైనా 20డబ్ల్యూ-50 పోసి "నా బండి బాగానే ఉంది" అంటే అబద్ధం కాదు. బండి పాడైపోదు కూడా. కానీ అదే బండి డిసెంబర్‌లో అరకు తీసుకెళ్ళి తెల్లారి స్టార్ట్ చేసి తొక్కండి. పిస్టన్ బద్ధకంగా లేస్తుంది, మిక్స్చర్ రిచ్ అవుతుంది, సైలెన్సర్ లోంచి నల్ల పొగ, ఇంజన్ గొంతు పట్టేసినట్టు ఉంటుంది. ఏడాది పొడవునా ఒకటే ఆయిల్‌తో సుఖంగా ఉండాలంటే ఎస్‌ఏఈ 20 దగ్గర ఉండటమే నయం.

రెండో సీసా, బైక్ ఫోర్క్ ఆయిల్. ఇది మన దగ్గర ఏ బైక్ స్పేర్స్ షాపులో అయినా చిన్న సీసాల్లో దొరుకుతుంది, కాబట్టి మంచి ఆప్షన్. కానీ ఫోర్క్ ఆయిల్ మీద రాసే 10, 15, 20 అంకెలకి కంపెనీల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఒక బ్రాండ్ 10 ఇంకో బ్రాండ్ 15 కన్నా చిక్కగా ఉండొచ్చు. సీసా ముందు అంకె వదిలేయండి, డేటాషీట్‌లో 40 డిగ్రీల దగ్గర 60, 70 మధ్య ఉన్నది పట్టుకోండి.

మూడోది గేర్ ఆయిల్. 80డబ్ల్యూ-90 అంటారు. దాని స్కేలే వేరు. గేర్ ఆయిల్ 90 అంటే ఇంజన్ ఆయిల్‌లో 40, 50 గ్రేడంత చిక్కన. వద్దు.

ఇక నా ఓటు దేనికంటే, హైడ్రాలిక్ ఆయిల్ 68. ఎస్‌ఏఈ 20 సింగిల్ గ్రేడ్ కావాలని ఇక్కడ షాపులో అడిగితే మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. అదే ట్రాక్టర్లు, జేసీబీలకి ఆయిల్ అమ్మే షాపుకి వెళ్ళి "హైడ్రాలిక్ 68 ఉందా" అనండి, మారు మాట్లాడకుండా తీసిస్తారు. ఇక్కడ 68 అంటే ఇంకెలాంటి మెలికా లేదు, 40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోక్స్, పది శాతం అటూ ఇటూ. పేరే కొలత. ఎస్‌ఏఈ 20కి సరిగ్గా పక్కింటాయన. డబ్బా పెద్దదే ఇస్తారు, మనకి కావాల్సింది కొన్ని మిల్లీలీటర్లు. మీ ఊళ్ళో ట్రాక్టర్ ఉన్న వాళ్ళుంటే ఒక చిన్న మందు సీసాలో పోయించుకోండి. అది మీకు రెండు మూడేళ్ళు వస్తుంది.

ఏటీఎఫ్ సంగతి. విదేశాల్లో ఎర్రటి ఏటీఎఫ్ పోసేవాళ్ళు చాలామంది ఉన్నారు. యాక్సిలరేటర్ తొక్కగానే బండి చురుగ్గా ఉంటుందంటారు. నిజమే, పిస్టన్ తొందరగా లేస్తుంది. చలి దేశంలో, ఇంజన్ బాగా ట్యూన్ అయి ఉంటే అది పనికొస్తుంది. మన ఎండలో ఏటీఎఫ్ ఇంకా పల్చబడి ఆయిల్ లేనట్టే అవుతుంది, మళ్ళీ ఆ దగ్గు వస్తుంది. కుట్టుమిషన్ ఆయిల్ దానికన్నా పల్చన, అది వద్దే వద్దు. బ్రేక్ ఆయిల్ పోయకండి, అది పెయింట్‌ని తినేస్తుంది. వంటనూనె పోస్తే కొన్నాళ్ళకి జిగురు కడుతుంది. కొబ్బరి నూనె అని ఒకాయన అడిగాడు. చలికాలంలో బాత్రూమ్‌లో కొబ్బరి నూనె సీసా ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి సార్.

పోయడం ఎలా అంటే, మెడికల్ షాపులో పది రూపాయల సిరంజి కొనండి. సూది అక్కర్లేదు. మూత తిప్పి కడ్డీని నెమ్మదిగా పైకి లాగండి, గబుక్కున లాగితే ఆయిల్ చిమ్ముతుంది. పాత ఆయిల్ ఉంటే సిరంజితో లాగేయండి, ఏ ఆయిల్ మీద ఏ ఆయిల్ పోశారో తెలీదు కాబట్టి. మధ్యలో ఉన్న బోలు గొట్టంలోకే కొత్తది పోయాలి, పక్కన గంటలోకి కాదు. ఎంత అంటే, కడ్డీనే కొలబద్ద. కొంచెం పోసి కడ్డీని మెల్లగా దించండి. మూత తన సీటు మీద కూర్చోడానికి ఇంకా ఆరు మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ మందం అంత ఉండగా చేతికి అడ్డం తగలాలి. అంతకన్నా ముందే తగిలితే ఎక్కువ, అసలు తగలకపోతే తక్కువ. ఎక్కువ పోస్తే ప్రమాదమేం లేదు, పొంగిన ఆయిల్‌ని ఇంజన్ లాగేసి కాస్త పొగ వదులుతుంది, అంతే. సుమారు 5,000 కిలోమీటర్లకోసారి చూసుకుంటే చాలు. ఏడాదికి నాలుగు పెళ్ళిళ్ళకే తీసే బండైతే కిలోమీటర్లు లెక్కపెట్టకండి, సర్వీస్ చేయించినప్పుడల్లా చూడండి.

ఒక జాగ్రత్త. ఎస్‌యూలోనే హెచ్‌ఐఎఫ్ అనే రకం ఉంది, తర్వాతి కాలం మినీ, ఎంజీబీల్లో వచ్చింది. వాటిలో కొన్నింట్లో కడ్డీ పూర్తిగా బయటికి రాదు, లోపల క్లిప్ పట్టుకుని ఉంటుంది. పైకి వచ్చినంత వరకే ఎత్తి ఆ సందులో పోయాలి. బలం చూపించకండి.

రెండు కార్బురేటర్లు ఉంటే రెండింట్లో ఒకే ఆయిల్, ఒకే లెవెల్. ఒకదాంట్లో పల్చన, ఇంకోదాంట్లో చిక్కన ఉంటే తొక్కినప్పుడు రెండు సిలిండర్లు ముందు, రెండు వెనక. ఎడ్లబండికి ఒక పక్క ఎద్దుని, ఇంకో పక్క దున్నని కట్టినట్టు ఉంటుంది.

ఆయిల్ పోసిన వారానికే మళ్ళీ ఖాళీ అవుతుంటే అది కూడా చూడాలి. స్ట్రామ్‌బర్గ్‌లో సూదిని పైనుంచి అడ్జస్ట్ చేసే రకాలు ఉన్నాయి, వాటి పిస్టన్ లోపల చిన్న ఓ-రింగ్ ఉంటుంది. అది గట్టిపడి చీలితే ఆయిల్ కిందకి జారిపోతుంది. రింగ్ మార్చాల్సిందే. చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందిలే అనుకుంటే లీకూ పోదు, పికప్ కూడా పోతుంది.

రాజమండ్రి బండి సంగతి ఏమైందంటే, హైడ్రాలిక్ 68 పోశారు. చచ్చిపోవడం ఆగింది. దగ్గు మాత్రం అప్పుడప్పుడు, చాలా తక్కువగా, ఇంకా ఉంది అన్నాడు. అప్పుడు ఇంకొంచెం చిక్కటిది పోద్దామా అని అడిగాడు. వద్దన్నాను. ఐడిల్‌లో థ్రాటిల్ కడ్డీ రెండు చివర్ల దగ్గర పెట్రోల్ కాదు, కార్బ్ క్లీనర్ కాదు, కొంచెం సబ్బు నీళ్ళు చుక్కలుగా వెయ్యమన్నాను, ఎగ్జాస్ట్‌కి దూరంగా. వేసిన క్షణం ఇంజన్ శబ్దం మారింది. అంటే ఆ కడ్డీ తిరిగే రంధ్రాలు అరిగిపోయి పక్క నుంచి దొంగ గాలి లాగుతోంది. దానికి ఆయిల్ ఏం చెయ్యలేదు. లేత్ మెషీన్ దగ్గర కొత్త బుష్‌లు వేయించాలి. ఆ పనికి మెకానిక్ బాబాయ్‌ని ఒప్పించాడు, ఆయనకి తెలిసిన లేత్ షాపు ఉందట. పాత కార్బురేటరే ఉంటుంది, బండి అమ్మే మాట ప్రస్తుతానికి ఆగింది. బుష్‌లు పడేదాకా ఆ హైవే జంక్షన్ దగ్గర మాత్రం గ్యాప్ కాస్త పెద్దదే చూసుకోమని చెప్పాను.

మీ బండిలో గంట ఉంటే ఎయిర్ ఫిల్టర్ తీసి, పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలే ఆ పది సెకన్ల వీడియో తీసి పంపండి, సౌండ్ ఆన్‌లో పెట్టి. టక్ మన్నదో లేదో వినాలి నాకు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ గంట లోపలి స్ప్రింగ్ గురించి మాట్లాడుకుందాం. దాని చివర నీలం, ఎరుపు, పసుపు రంగులు ఎందుకు వేస్తారో, ఒక రంగు బదులు ఇంకోటి పడితే ఏమవుతుందో చెప్తాను. ఉంటానండీ.